నూనె రాసే వేళ, పచ్చదనం చూసే వేళ

బిడ్డకు కామెర్లున్నాయని తెలిసిన పూట ఇంట్లో ఒక్కొక్కరి నోటి నుంచి ఒక్కో వైద్యం బయటికి వస్తుంది. పొద్దున లేత ఎండలో పడుకోబెట్టమని తాతయ్య, గ్లూకోజు నీళ్లు తాగించమని పక్కింటి పిన్నిగారు, ఫలానా ఊళ్లో ఆకు పసరు పోస్తారని మేనత్త. బాలింత పప్పులో పసుపు మానేయాలనే వాళ్లూ ఉంటారు. ఈ సందడిలో అమ్మమ్మ ఒక మాట అంటుంది: "రోజూ నూనె పట్టించి నెమ్మదిగా ఒళ్లు రుద్దుదామే అమ్మాయ్, దొడ్డికి సాఫీగా వెళ్తాడు, పచ్చదనం దానంతటదే దిగిపోతుంది."

ఇన్ని మాటల్లో కొంతైనా నిజమున్నది అమ్మమ్మ మాటలోనే. కొంతే సుమా. మర్దన వల్ల బిడ్డ దొడ్డికి బాగా వెళ్లడం, దాంతో పచ్చదనం కాస్త త్వరగా తగ్గడం నిజంగా జరిగేవే. అయితే ఎక్కిపోతున్న కామెర్లను మర్దన ఆపలేదు. వైద్యుడు చికిత్సకు నీలి లైట్ల కింద పెట్టాలన్న బిడ్డను నూనె గిన్నె ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చోబెడితే, మంచి అలవాటే ప్రమాదానికి దారి తీస్తుంది. ఏది ఎంతవరకో తెలియాలంటే ముందు ఆ పసుపు రంగు ఎక్కడి నుంచి వస్తుందో, ఎటు పోతుందో చూడాలి.

రంగు పుట్టేదీ పోయేదీ

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి 60 మందికి, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లలో నూటికి 80 మందికి మొదటి వారంలో ఒళ్లు ఎంతో కొంత పచ్చబడుతుంది. కాబట్టి ఇది మీ ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. తల్లి తిన్నదాని వల్ల వచ్చిందీ కాదు. బాలింతకు ఇప్పటికే పెడుతున్న పత్యం చాలు, కొత్తగా ఇంకోటి మానిపించనక్కర్లేదు.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువగా ఉంటాయి. పెద్దవాళ్లలో ఒక్కో కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. పసిబిడ్డలో 70 నుంచి 90 రోజులే. ఆయువు తీరిన కణాలు విరిగినప్పుడు వాటి నుంచి బిలిరుబిన్ అనే పసుపుపచ్చ పదార్థం తయారవుతుంది. అది నీళ్లలో కరగదు, అందుకే ఉన్నదున్నట్టుగా మూత్రంలో పోలేదు. కాలేయం దాన్ని కరిగేలా మార్చి పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపాలి. ఆ మార్చే పని చేసే ఎంజైము పుట్టిన కొత్తలో ఇంకా పూర్తిగా పుంజుకోదు. బిలిరుబిన్ తయారయ్యేది ఎక్కువ, బయటికి వెళ్లేది తక్కువ. మూడో రోజుకో నాలుగో రోజుకో ముఖం పచ్చబడటం అందుకే.

మర్దనకు పాత్ర దొరికేది ఈ కథ రెండో సగంలో. కాలేయం నుంచి పేగుల్లోకి దిగిన బిలిరుబిన్ దొడ్డితో పాటు వెళ్లిపోతే గొడవ లేదు. కానీ పసిబిడ్డ పేగుల్లో ఉండే ఒక ఎంజైము దాన్ని మళ్లీ పాత రూపానికి తిప్పేస్తుంది. అప్పుడది పేగు గోడల్లోంచి తిరిగి రక్తంలోకి చేరుతుంది. తూము మూసుకుంటే నీళ్లు ఎదురుతన్నినట్టు, పేగు కదలకపోతే వెళ్లాల్సిన బిలిరుబిన్ వెనక్కి వస్తుంది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో పడే ఆ నల్లటి జిగట దొడ్డిలో బిలిరుబిన్ బాగా ఉంటుంది. అది ఎంత త్వరగా బయటపడితే అంత మేలు. దాన్ని తోసేది ప్రధానంగా ముర్రుపాలు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించమనడానికీ, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వమనడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి. గ్లూకోజు నీళ్లు ఈ పని చేయవు. పైగా బొజ్జ నింపేసి పాలు తాగనివ్వవు. తేనె నాకించడం అసలే వద్దు, ఏడాది నిండేదాకా తేనెతో బొటులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది.

నాలుగో రోజుకల్లా దొడ్డి నలుపు పోయి పసుపు రంగుకు తిరగాలి, రోజుకు మూడు నాలుగు సార్లు కావాలి, ఆరు గుడ్డలైనా ఉచ్చతో తడవాలి. ఈ లెక్క తప్పుతోందంటే పాలు చాలడం లేదని అనుమానించాలి. అప్పుడు మొదట సరిచూసుకోవాల్సింది బిడ్డ రొమ్ము పట్టుకునే తీరు. మర్దన సంగతి ఆ తర్వాత.

చేతి స్పర్శ పేగుకు ఎలా చేరుతుంది

పసిబిడ్డ ఒంటిని కాస్త నొక్కుతూ నిమిరినప్పుడు వేగస్ అనే నాడి చురుకవుతుంది. మెదడు నుంచి బయలుదేరి గుండెకూ కడుపుకూ పేగులకూ శాఖలు పంపే నాడి ఇది. ఇది చురుకైతే కడుపూ పేగూ బాగా కదులుతాయి. అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1986లో నెలలు నిండని పిల్లలకు రోజుకు మూడుసార్లు, ఒక్కో విడత 15 నిమిషాల చొప్పున మర్దన చేసి చూసింది. మర్దన పొందిన పిల్లలు మిగతావాళ్ల కంటే రోజువారీగా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. కామెర్లకూ మర్దనకూ సంబంధం వెతకాలన్న ఆలోచనకు ఇలాంటి పరిశోధనలే దారి వేశాయి.

2011లో ఒక జపాన్ వైద్య పత్రికలో ఇలాంటి అధ్యయనం అచ్చయింది. నెలలు నిండి పుట్టి తల్లిపాలు తాగే 42 మంది పిల్లల్ని తీసుకుని, 20 మందికి మర్దన చేశారు, 22 మందికి చేయలేదు. మర్దన పొందిన వాళ్లు మొదటి రెండు రోజుల్లో ఎక్కువసార్లు దొడ్డికి వెళ్లారు, నాలుగో రోజు రక్తంలో బిలిరుబిన్ వాళ్లలోనే తక్కువగా ఉంది. 2015లో తైవాన్ పరిశోధకులు అప్పటికే లైట్ల చికిత్సలో ఉన్న 56 మంది పిల్లల్ని చూశారు. అక్కడా మూడో రోజుకల్లా మర్దన పొందిన వాళ్లలో విరేచనాలు ఎక్కువ, బిలిరుబిన్ తక్కువ.

రెండూ చిన్న అధ్యయనాలే. రెండో దానిలో పిల్లలు లైట్ల కిందే ఉన్నారు, మర్దన వాటికి తోడైంది అంతే. లైట్ల అవసరమే లేకుండా మర్దనతోనే నయం చేశామని ఎవరూ చూపించలేదు. తక్కువ ఖర్చుతో, పద్ధతిగా చేస్తే హాని లేకుండా, తల్లికీ బిడ్డకూ హాయినిచ్చే పని కాబట్టి చేయడం మంచిదనే నేనంటాను. అంతకు మించి నమ్మకం పెట్టుకోవద్దు.

నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు ఫ్రెడరిక్ లెబోయే కలకత్తాలో ఒక తల్లి బిడ్డకు ఒళ్లు రుద్దడం చూసి ముగ్ధుడై 1976లో ఒక పుస్తకమే తెచ్చాడు. దానికి ఆ తల్లి పేరే పెట్టాడు, 'శాంతల' అని. మన దేశంలో రోజూ వాకిట్లో జరిగే పని అక్కడ తల్లిదండ్రులు ఫీజు కట్టి నేర్చుకునే తరగతులైంది. మనమేమో మన పద్ధతిలోని మంచినీ మొరటుతనాన్నీ కలిపే కొనసాగిస్తున్నాం.

ముందు ఆ మొరటుతనం వదిలించుకోవాలి

పిల్లకు నీళ్లు పోసే ఆవిడ వస్తుంది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుంటుంది. నూనె గట్టిగా పట్టిస్తుంది. తల గుండ్రంగా రావాలని అరచేతులతో ఒత్తుతుంది, ముక్కు నిలబడాలని లాగుతుంది, ముక్కులో చెవుల్లో రెండేసి చుక్కలు నూనె వేస్తుంది. రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటే పాలు పిండేస్తుంది. తర్వాత నలుగు, చెంబులతో వేడి నీళ్లు, సాంబ్రాణి పొగ. చేసే ఆవిడకు చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, వాళ్లమ్మ ఆమెకు నేర్పిందే మీ బిడ్డకు చేస్తోంది. అయినా వీటిలో చాలా భాగం ఆపమని చెప్పాల్సిందే. రొమ్ము పిండితే పుండు పడి చీము పట్టవచ్చు. నూనె ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. పొగ ఊపిరికి పడదు.

కామెర్లున్న బిడ్డ విషయంలో తల ఒత్తడం మరీ వద్దు. కాన్పు కష్టమై, వాక్యూమ్ పెట్టి తీసిన పిల్లల్లో నెత్తి మీద ఒక పక్క మెత్తటి వాపు కనిపిస్తుంది. అది చాలాసార్లు చర్మం కింద గూడు కట్టిన రక్తమే. ఆ రక్తం విరిగే కొద్దీ బిలిరుబిన్ పెరుగుతుంది. అలాంటి వాపు ఉన్న బిడ్డకు కామెర్లు ఎక్కువయ్యే అవకాశం ముందే ఉంది. దాన్ని రుద్ది కరిగిద్దామనుకోవడం తగదు.

నలుగు గురించి ఇంకో మాట. సున్నిపిండిలో పసుపు కలుపుతారు. పసుపు రాసిన ఒంటి మీద పచ్చదనం ఎంతుందో ఏ కంటికి తెలుస్తుంది? మొదటి రెండు వారాలు పసుపూ నలుగూ పూర్తిగా పక్కన పెట్టండి. కావాలంటే మూడో నెలలో పెట్టుకోండి, అప్పుడు నేనేమీ అడ్డుపడను.

పొత్తిగుడ్డల కోసం బీరువాలోంచో ట్రంకుపెట్టెలోంచో పాత నూలు చీరలు తీస్తారు. వాటి మధ్య కలరా ఉండలు ఉంటాయి. కొంతమంది పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువ. అలాంటి బిడ్డకు కలరా ఉండల వాసన తగిలితే ఎర్రకణాలు ఒక్కసారిగా విరిగి కామెర్లు గంటల్లో పెరిగిపోవచ్చు. మీ బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేస్తే గాని తెలియదు. కాబట్టి ఆ ఉండలను పిల్ల ఉన్న ఇంట్లోంచే బయట పారేయండి. చీరలు ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి.

ఇలా చేయండి

పుట్టిన మొదటి 24 గంటలు స్నానం వద్దు. ఒంటి మీది తెల్లటి పూత చర్మానికి మంచిది, రుద్ది తీయకండి. రెండో రోజు నుంచి, బిడ్డ నెలలు నిండి పుట్టి, బరువు బాగుండి, పాలు బాగా తాగుతుంటే మర్దన మొదలుపెట్టవచ్చు. నెలలు నిండని బిడ్డకైతే, తక్కువ బరువు బిడ్డకైతే పిల్లల వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టండి. ఒళ్లు కాలుతుంటే, చర్మం మీద చీముపొక్కులుంటే ఆ రోజు చేయకండి. టీకా వేసిన తొడను ముట్టుకోకండి.

పాలు తాగాక ముప్పావు గంట ఆగండి, లేకపోతే కక్కేస్తుంది. బిడ్డ మెలకువగా, ప్రశాంతంగా ఉన్న సమయం చూసుకోండి. ఆకలితో ఏడుస్తున్నప్పుడు నూనె రాయబోతే ఇద్దరికీ చిరాకు. ఫ్యాన్, ఏసీ ఆపండి, తలుపు వేయండి. గాజులు, ఉంగరాలు తీసేయండి, గోళ్లు కత్తిరించుకోండి, సబ్బుతో చేతులు కడుక్కోండి. కిటికీ పక్కన, పగటి వెలుతురు పడేచోట పరుపు వేసుకోండి. ట్యూబులైటు, పచ్చటి బల్బు వెలుగు వద్దు. ఒంటి మీది పచ్చదనం పగటి వెలుతురులోనే సరిగా తెలుస్తుంది. పరుపు మీది గుడ్డ తెల్లదైతే మేలు.

నూనె ఏదన్నది పెద్ద చర్చేమీ కాదు. కొబ్బరి నూనె, వంటకు వాడే పొద్దుతిరుగుడు నూనె బాగుంటాయి. ఆవనూనె వద్దు, లేత చర్మాన్ని అది దెబ్బతీస్తుంది. వాసన నూనెలు, రంగు నూనెలు వద్దు. నూనెను పొయ్యి మీద కాచక్కర్లేదు. రెండు చుక్కలు అరచేతుల మధ్య రుద్దుకుంటే చాలు, చెయ్యీ నూనే రెండూ గోరువెచ్చనవుతాయి.

కాళ్లతో మొదలుపెట్టండి. బొజ్జ మీద చెయ్యి వేస్తే కొందరు పిల్లలు ఉలిక్కిపడతారు, కాళ్ల దగ్గర అంత బెదరరు. తొడ నుంచి పాదం దాకా రెండు చేతులతో మార్చి మార్చి నిమరండి, అరికాలిని బొటనవేలితో నెమ్మదిగా ఒత్తండి. ఒత్తిడి ఎంత ఉండాలంటే, మీ వేళ్ల కింద చర్మం కాస్త జరగాలి గాని ఎర్రబడకూడదు. మరీ పైపైన తాకితే బిడ్డకు కితకితలు పెట్టినట్టవుతుంది, ఒళ్లు ముడుచుకుంటుంది. తర్వాత చేతులు, ఛాతీ. పైభాగం రుద్దేటప్పుడు కింది భాగం గుడ్డతో కప్పి ఉంచండి, కింది భాగం రుద్దేటప్పుడు పైభాగం.

బొజ్జ దగ్గర తొందరపడకండి, కామెర్లకు పనికొచ్చేది ఎక్కువగా ఇదే. పెద్దపేగు బొజ్జలో కుడిపక్క కింద మొదలై, పైకెక్కి, అడ్డంగా ఎడమపక్కకు వెళ్లి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. మీ చెయ్యి కూడా అదే దారిన నడవాలి. బిడ్డ మీకు ఎదురుగా వెల్లకిలా పడుకుని ఉంటే, గడియారం ముల్లు తిరిగే దిక్కుగా చుట్టూ నిమరాలి. రెండు మూడు వేళ్ల మెత్తటి భాగంతో, నిదానంగా, బొడ్డు చుట్టూ. బొడ్డు ఊడనంతవరకు దాన్ని తాకకూడదు, నూనె తగలనివ్వకూడదు, చుట్టూ రెండు వేళ్ల ఎడం వదలండి. పది పన్నెండు సార్లు తిప్పాక మోకాళ్లు రెండూ కలిపి బొజ్జ వైపు మెల్లగా మడవండి, ఒక్క క్షణం ఉంచి వదలండి. ఒక కాలు మడిచి ఇంకోటి చాపుతూ సైకిలు తొక్కిస్తున్నట్టు కూడా చేయవచ్చు. చాలాసార్లు అక్కడే గాలి పోతుంది, కొన్నిసార్లు మీ చీర మీదే ఫలితం కనిపిస్తుంది. ఇక బోర్లా తిప్పి వీపు మీద మెడ నుంచి పిరుదుల దాకా నిమిరి ముగించండి.

మొత్తం పది పదిహేను నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. మధ్యలో బిడ్డ ముఖం తిప్పేసుకున్నా, ఎక్కిళ్లు వచ్చినా, ఒళ్లు బిగదీసినా, ఏడ్చినా ఆపేయండి. మిగిలింది రేపు చేయవచ్చు. నాన్నలు కూడా చేయవచ్చు, చేయాలి కూడా. బాలింత ఆ పావుగంట నిద్రపోతే ఆ ఇంటికి అంతకంటే లాభం ఉండదు.

ఆ పావుగంటలో కళ్లు ఏం చేయాలి

పసిబిడ్డ రోజంతా గుడ్డల్లో చుట్టి, మసక గదిలో, ఒకరి ఒడిలోంచి ఇంకొకరి ఒడిలోకి మారుతూ ఉంటుంది. పూర్తిగా బట్టలు విప్పి, వెలుతురులో, తల నుంచి కాలిదాకా చూసే సమయం మర్దన సమయమొక్కటే. నా లెక్కలో కామెర్లున్న ఇంట్లో మర్దన వల్ల కలిగే పెద్ద లాభం ఇదే, పేగు కదలిక దీని తర్వాతే.

పచ్చదనం ముఖంతో మొదలై కిందికి దిగుతుంది. ముఖం, ఛాతీ, బొజ్జ, తొడలు, చివరికి అరచేతులు అరికాళ్లు. ఈ వరుసను 1969లో క్రేమర్ అనే వైద్యుడు వివరంగా రాశాడు. మన చామనఛాయ పిల్లల్లో పైపైన చూస్తే దొరకదు. నుదురు మీద, ఛాతీ ఎముక మీద, మోకాలి మీద వేలితో నొక్కి తీసేయండి. రక్తం పక్కకు తప్పుకున్న ఆ క్షణంలో చర్మం పాలిపోయి ఉందో పసుపుగా ఉందో కనబడుతుంది. చిగుళ్లు, కంటి తెలుపు కూడా చూడండి. రోజూ అదే కిటికీ దగ్గర, వీలైతే అదే మనిషి చూస్తే తేడా తెలుస్తుంది. కంటి అంచనా బిలిరుబిన్ ఎంతో చెప్పలేదు, ఆసుపత్రికి బయల్దేరాలా వద్దా అన్న అనుమానాన్ని లేపడానికే పనికొస్తుంది. ఎంతుందో చెప్పేది నుదుటి మీద ఆనించి కొలిచే మీటరో, రక్తపరీక్షో.

పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపిస్తే అది మామూలు కామెర్లు కాదు, ఆ రోజే వైద్యుడు చూడాలి. తల్లిది నెగటివ్ గ్రూపై బిడ్డది పాజిటివ్ అయినప్పుడు, లేదా తల్లిది ఓ గ్రూపై బిడ్డది ఏ గానీ బీ గానీ అయినప్పుడు అలా జరగవచ్చు. అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా వెంటనే వెళ్లాలి. బిడ్డ పాలకు లేవకపోయినా, ఒళ్లు వేలాడేసినా, కీచుగా ఏడ్చినా, తల వెనక్కి విరిచి వెన్ను విల్లులా వంచినా, జ్వరం వచ్చినా రాత్రీ పగలూ చూడకండి. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి చేరుతుంది. అక్కడ చేసిన నష్టం, అంటే చెవుడు గానీ ఒంటి కదలికలు అదుపు తప్పడం గానీ, జీవితాంతం ఉంటుంది.

దీనికి తోడు ఒక చిక్కుంది. వేడి నీళ్లు పోసి, ఒళ్లు రుద్దాక బిడ్డ నాలుగైదు గంటలు కదలకుండా పడుకుంటుంది. "స్నానం చేయించాం కదమ్మా, హాయిగా నిద్రపోతున్నాడు, లేపకు," అంటారు పెద్దవాళ్లు. మామూలు రోజుల్లో ఆ మాటలో తప్పు లేదు. కానీ బిలిరుబిన్ పెరిగిన బిడ్డ కూడా అలాగే మత్తుగా పడుకుంటుంది. పైనుంచి చూస్తే రెండు నిద్రలూ ఒకేలా ఉంటాయి. పచ్చదనం ఉన్నన్నాళ్లు రెండు మూడు గంటలకొకసారి లేపి పాలివ్వండి. అరికాలు నిమిరి, గుడ్డలు విప్పి, తడిగుడ్డతో ముఖం తుడిచి లేపండి. లేచి గట్టిగా చీకితే ఫర్వాలేదు. రెండు గుక్కలు తాగి మళ్లీ జారిపోతుంటే అది స్నానం తెచ్చిన నిద్ర అనుకోకండి.

కాన్పు మామూలుగా జరిగితే రెండో రోజుకే ఇంటికి పంపుతున్నారు. కామెర్లు ముదిరేది మూడు నుంచి ఐదో రోజు మధ్య. అంటే ఆ సమయానికి బిడ్డ మీ చేతిలోనే ఉంటుంది, నర్సు చేతిలో కాదు. అందుకే ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూపించే తేదీ ఆసుపత్రిలోనే రాయించుకోండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డ నిద్రపోతోందని గుడ్డ తీయకుండా పంపేయకండి.

లైట్ల కింద ఉన్నప్పుడు

"బాబును బాక్సులో పెట్టారట" అన్న మాట వినగానే బంధువులు కంగారు పడిపోతారు. అంత భయపడాల్సిందేమీ లేదు. నీలిరంగు వెలుతురు చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్నే మార్చేస్తుంది. అలా మారింది కాలేయం మళ్లీ మార్చాల్సిన పని లేకుండానే పైత్యంలో, మూత్రంలో బయటికి పోతుంది. ఇది ముందు కనిపెట్టింది వైద్యులు కాదు. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో, రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లల్ని ఎండ ఉన్న రోజుల్లో పెరట్లోకి తీసుకెళ్లేది. ఒకరోజు ఒక బిడ్డ గుడ్డ తీసి డాక్టరుకు చూపించింది. ఒళ్లంతా పచ్చదనం తగ్గింది, దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం మూడుకోణాల ఆకారంలో చిక్కటి పసుపు మిగిలి ఉంది. రెండేళ్లకు, 1958లో, అదే ఆసుపత్రికి చెందిన డాక్టర్ క్రేమర్, ఆయన సహచరులు లైట్ల చికిత్స గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఇందాకటి క్రేమర్ వేరు, ఈయన వేరు.

అయితే ఎండే చాలు కదా అంటారేమో. పొద్దుటి ఎండ పావుగంట బిడ్డ ఒంటి మీద పడితే కామెర్లు దిగేంత వెలుతురు అందదు. ఎక్కువసేపు ఉంచితే చర్మం కమిలిపోతుంది, చలికాలమైతే ఒళ్లు చల్లబడుతుంది. నర్సు బిడ్డ కళ్లకు కట్టే గంతలూ, ఆసుపత్రి లైటులో కొలిచి పెట్టే తీవ్రతా మీ పెరట్లో ఉండవు.

లైట్ల కింద ఉన్నంతకాలం ఒంటికి నూనె రాయకండి. నూనె ఒంటితో ఆ లైటు కింద చర్మం కమిలే భయముంది. పాలకు, గుడ్డ మార్చడానికి బయటికి తీసే కాసేపట్లోనే, నర్సును అడిగి, పొడి చేత్తో బొజ్జా కాళ్లూ నిమరవచ్చు. మర్దన కోసమని అదనంగా ఒక్క నిమిషం కూడా లైటు నుంచి తప్పించకండి, ఒంటి మీద వెలుతురు పడుతున్నంతసేపే చికిత్స. పాలు మాత్రం ఆపకూడదు.

పక్క బెడ్డు బాబుకు బిలిరుబిన్ 14 వచ్చినా లైటు పెట్టలేదు, మాకు 12కే పెట్టారేమిటని గొడవపడే వాళ్లున్నారు. ఆ అంకె ఒక్కటే నిర్ణయించదు. బిడ్డ పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్ని వారాలకు పుట్టింది, గ్రూపు తేడా ఉందా, అన్నీ కలిపి గ్రాఫులో చూస్తారు. 12 అనేది రెండో రోజు ఒక అర్థం, ఐదో రోజు ఇంకో అర్థం. సర్కారు ఆసుపత్రుల్లో పసిపిల్లల ప్రత్యేక వార్డులు, అంటే ఎస్‌ఎన్‌సీయూలు ఉన్నాయి. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ జబ్బుపడ్డ నవజాత శిశువుకు వైద్యం, పరీక్షలు, రవాణా ఉచితం. బయల్దేరేటప్పుడు తల్లి గ్రూపు కాగితం, బిడ్డ పుట్టిన సమయం, నిన్నటి నుంచి ఎన్నిసార్లు దొడ్డికీ ఉచ్చకూ వెళ్లిందో రాసిన చీటీ తీసుకెళ్లండి. దారిలో బిడ్డను రొమ్ముకు ఆనించి, పాలు ఇస్తూనే వెళ్లండి.

పద్నాలుగో రోజు దాటితే

నెలలు నిండిన బిడ్డలో రెండు వారాలకల్లా, నెలలు నిండని బిడ్డలో మూడు వారాలకల్లా పచ్చదనం పోవాలి. తల్లిపాలు తాగే కొందరు పిల్లల్లో ఇంకా కొన్ని వారాలు సన్నగా మిగిలి ఉంటుంది. బిడ్డ బరువు పెరుగుతూ, చలాకీగా ఉంటే దానికి భయం లేదు, పాలు మాన్పించనక్కర్లేదు. కానీ అది ఆ రకమేనని మీరూ నేనూ తేల్చేసుకోకూడదు. రెండు వారాలు దాటిన కామెర్లకు ఒక రక్తపరీక్ష తప్పనిసరి. బిలిరుబిన్‌లో కాలేయం మార్చిన భాగం ఎంత, మార్చనిది ఎంత అని అందులో విడివిడిగా చూస్తారు.

ఈ దశలో మర్దన వేళ గుడ్డ విప్పినప్పుడు దొడ్డి రంగు చూడండి. పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఏదైనా ఫర్వాలేదు. తెల్లగా, బూడిదరంగుగా, పాలిపోయినట్టు ఉంటే, ఉచ్చ గుడ్డ మీద పసుపు మరక వదులుతుంటే, పైత్యం పేగులోకి దిగడం లేదని అనుమానించాలి. పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది, అరుదైనదే. దానికి కసాయ్ అనే ఆపరేషను ఉంది, ఆ పద్ధతి కనిపెట్టిన జపాను సర్జను పేరు మీద. బిడ్డకు 60 రోజులు నిండేలోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమైన కొద్దీ కాలేయం గట్టిపడిపోతుంది. అలాంటి రంగు కనిపించిన గుడ్డను ఉతికేయకండి. ఫోను కెమెరా రంగు మారుస్తుంది కాబట్టి ఫోటోతో సరిపెట్టుకోకుండా, ఆ గుడ్డనే కవర్లో చుట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి చూపించండి.